మిరుగు దాకా నీళ్లు

దాహంతో వచ్చినవాళ్లకు నీళ్లిస్తే పుణ్యమని చిన్నప్పటి నుంచి విన్నాను. అందులో నాకు అనుమానం లేదు. ఆ దాహం ఎందుకు వేస్తోందో అడగకుండా ఇస్తూ పోతే అది ఏమవుతుందన్నదే నా అనుమానం. ఆరేళ్లు దాన్ని మోశాను. పొద్దున దీపం పెట్టేటప్పుడు వచ్చేది, దుకాణంలో బట్ట కొలిచేటప్పుడు వచ్చేది. చిక్కడపల్లి గుడిలో పురాణం చెప్పే పంతులుగారిని ఒక ఏకాదశి నాడు అడిగాను. నీళ్లిచ్చేవాడు ఊరూ పేరూ అడగకూడదు నాయనా, ఇవ్వడమే మన పని అన్నారాయన. తీర్థం తీసుకుని వచ్చేశాను. నేను అడిగింది ఊరూ పేరూ సంగతి కాదు.

అది తొంభై మూడు ఎండాకాలం. మేము అశోక్ నగర్‌లో ఒక సందు మూల మీద రెండు గదుల్లో కిరాయికి ఉండేవాళ్లం. నేను సుల్తాన్ బజార్‌లో బట్టల దుకాణంలో సేల్స్‌మన్‌ను. పెళ్లయిన ఏడేళ్ల దాకా మాకు పిల్లల్లేరు. బిడ్డ పుడితే ఏటా శ్రీరామనవమి నుంచి మిరుగు దాకా వాకిట్లో చలివేంద్రం పెడతానని మొక్కుకున్నాను. మృగశిర కార్తెను మా కరీంనగర్ వైపు మిరుగు అంటారు. అది వస్తే వానలు వచ్చినట్టే, నీళ్లు పోసేవాడి పని అయిపోయినట్టే. జ్యోత్స్న పుట్టింది. పన్నెండేళ్లుగా ఒక్క రోజు తప్పకుండా నీళ్లు పోశాను.

ఆ ఏడు మా ఎదురుగా పాత పెంకుటింటిని పడగొట్టి నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు కడుతున్నారు. పాలమూరు నుంచి వచ్చిన కూలీలు ఆ ఇసుక కుప్పల పక్కనే గుడిసెలు వేసుకున్నారు. అందులో బీరమ్మ అని ఒకామె ఉండేది. నలభై ఏళ్లు ఉంటాయేమో, తట్ట నెత్తిన పెట్టుకుని మూడో అంతస్తు దాకా చెయ్యి పట్టకుండా ఎక్కేది. రామనవమి పొద్దున నేను మూడు మట్టి రంజన్లు కడిగి ఇటుకల మీద పెడుతుంటే నిలబడి చూసింది.

"ఇటుకల మీద పెడితే ఏం సల్లగైతయి సారూ, కింద ఇసుక ఉండాలె గదా" అంది. అడగకుండానే రెండు తట్టల ఇసుక తెచ్చి పోసి, చేత్తో గుంటలు చేసి, రంజన్లు తానే కుదురుగా కూర్చోబెట్టింది. ఆ రోజు మంగ, నా భార్య, గంగాళం నిండా పానకం కలిపింది. బీరమ్మ రెండు గ్లాసులు తాగి, బెల్లం తక్కువైందని చెప్పి పోయింది.

సెలవులు ఇచ్చినప్పటి నుంచి చలివేంద్రం దగ్గర జ్యోత్స్న కూర్చునేది. వేపచెట్టు నీడలో స్టూలు వేసుకుని, పొడుగు కాడ ఉన్న గరిటెతో ముంచి పోసేది. నేను పొద్దున తొమ్మిదిన్నరకు దుకాణానికి పోయి రాత్రికి వచ్చేవాణ్ని. వచ్చేసరికి మూడు రంజన్లూ ఖాళీ. గురువారం మాకు సెలవు. ఆ రోజు నేనూ పక్కన కూర్చునేవాణ్ని. దారిన పోయే వాళ్లకు ఒక గ్లాసు పోస్తే తానొకటి తాగేది. మా సందులో రిక్షా తొక్కే ఈదయ్య నవ్వేవాడు.

"గిరాకీ కంటె సేటమ్మనే ఎక్కువ తాగుతున్నదే."

"మంచిగున్నయా లేవా నేను సూడొద్దా తాతా?" అనేది జ్యోత్స్న.

నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నాకు వినిపిస్తుంది. రాత్రి ఖాళీ రంజన్లలోకి తొంగి చూసి, ఇవాళ ఎంతమంది గొంతు తడిసిందో కదా స్వామీ అని దండం పెట్టుకునేవాణ్ని. అందులో సగం ఒక్క గొంతే అని నాకు తెలియదు.

మే నెల మొదటి గురువారం స్కూలు యూనిఫాం కొలతలకు ఆమెను చిక్కడపల్లి తీసుకుపోయాను. ఎల్లేశం మాకు ఎప్పటి నుంచో టైలరు. తన గిరాకీల కొలతలన్నీ ఏళ్ల వారీగా ఒక పాత నోటుబుక్కులో రాసిపెట్టుకుంటాడు. టేపు జ్యోత్స్న నడుముకు చుట్టి చూశాడు. వదిలి మళ్లీ చుట్టాడు. నోటుబుక్కు తిప్పాడు.

"నిరుడు ఇరవై నాలుగు రాసుకున్న. ఇప్పుడు ఇరవై ఒకటిన్నర. పొడుగు పెరిగింది, నడుము తగ్గింది. ఏం పెడుతున్నవ్ రాజేశమన్నా పిల్లకు?"

ఎదిగే పిల్ల గదా, సాగుతున్నదన్నాను. అన్నం బాగానే తింటుందని కూడా చెప్పాను. అది నిజం. ఆ నెలలో ఆమె నా కంటే ఎక్కువ తినేది. తిని అరగంటకు మళ్లీ వంటింట్లో డబ్బాలు వెతికేది. ఎల్లేశం సుద్దతో గీత గీస్తూ, బట్ట కొయ్యకుండా లోపల మడత పెడతానన్నాడు. "మల్ల ఒళ్లు చేస్తది, అప్పుడు ఇప్పుకోవచ్చు."

నేను ఇరవై ఏళ్లుగా బట్ట కొలిచే మనిషిని. మీటరుకు వేలెడు తగ్గితే నా చెయ్యి చెబుతుంది. నా బిడ్డ రెండున్నర అంగుళాలు తగ్గిందని నోటుబుక్కులో రాసి చూపిస్తే, మడత పెట్టమని చెప్పి వచ్చాను.

అటు నుంచి నారాయణగూడ దాకా నడిచాం. చౌరస్తాలో చెరకురసం కావాలంది. రెండు గ్లాసులు తాగింది. ఇంటికి మళ్లాక కొంతదూరం పోగానే నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "బాపూ, జల్ది పోదాం" అంది. ఎందుకో అర్థమయ్యేసరికి ఆలస్యమైంది. ఇంటి సందు మలుపులో గోడ వైపు తిరిగి నిలబడి ఏడ్చింది. పన్నెండేళ్ల పిల్ల, పావడా తడిసింది. అమ్మకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. నేను చెప్పలేదు. అట్లా మా ముగ్గురికీ తలా కొంత తెలుసు. ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియదు.

రాత్రి నాలుగైదు సార్లు లేస్తున్నదని మంగ చెప్పింది. అన్ని నీళ్లు తాగితే లేవదా అన్నాను. సాయంత్రం అయిదింటికే పడుకుంటున్నదని చెప్పింది. ఎండకు సోలిపోతున్నదన్నాను. మందుల దుకాణంలో అడిగితే ఆ అబ్బాయీ అదే అన్నాడు, ఈ ఎండలకు అందరూ అట్లనే ఉన్నారు, గ్లూకోజ్ కలిపి తాగించండని. రెండు డబ్బాలు తెచ్చాను. మంగ పూటకో గ్లాసు కలిపి ఇచ్చేది. ఒకసారి డాక్టరుకు చూపిద్దామని ఆమె రెండుసార్లు అడిగింది. లగ్గాల సీజను, ఈ నెల సెలవు దొరకదు, మిరుగు పోనీ అన్నాను. దుకాణం సంగతి సగమే నిజం. బిడ్డ మంచం ఎక్కితే రంజన్ల దగ్గర ఎవరు కూర్చుంటారన్న ఆలోచన కూడా నాలో ఉంది. మొక్కు తప్పితే బిడ్డకు కీడని భయపడ్డాను.

బీరమ్మ పొద్దునే పనిలోకి ఎక్కకముందు మా దగ్గర బిందె నింపుకునేది. మే రెండో వారంలో ఒక పొద్దున, నేను తులసికోట దగ్గర ఉంటే వచ్చి నిలబడింది. బిందె కింద పెట్టలేదు.

"సారూ, ఒక మాట చెప్త, ఏమనుకోవద్దు. మీ బాతురూము మోరీ కాడ చీమలు బారు గట్టినయి. నాలుగు దినాలాయె చూస్తున్న."

పానకం గిన్నెలు అక్కడే కడుగుతాం, అందుకే అన్నాను.

"పానకం తాగి నెల దాటింది సారూ." బిందె ఇంకో చంకకు మార్చుకుంది. "మా అక్క కొడుకు గిట్లనే కుండలు కుండలు తాగిండు. గిట్లనే బక్కగైండు. ఆడు పోసిన కాడ చీమలు పట్టేటివి. మాకు తెల్వకపాయె. మక్తల్ దవాఖానకు తోల్కపోతె చక్కెర రోగమన్నరు, అప్పటికే అయిపాయె. పిల్లకు ఒకపారి రక్తం చూపియ్యి సారూ."

పొద్దున పూజ వేళ, అయిపోయిందన్న మాట నా బిడ్డ గురించి వినడం నాకు నచ్చలేదు. చక్కెర రోగం మా దుకాణం సేటుకు ఉంది, ఆయనకు అరవై ఏళ్లు, పెద్ద పొట్ట. పన్నెండేళ్ల పిల్లకు అదేమిటి? తట్టలు మోసే మనిషి నాకు చెప్పడమేమిటి అని కూడా అనుకున్నాను. అది దాచి లాభం లేదు. నోటితో మాత్రం సరే చూపిస్తానన్నాను.

మరునాడు అడిగింది, చూపించినవా అని. ఆ మరునాడు అడిగింది. మూడోనాడు నాకు విసుగొచ్చి, "చూపించిన. ఎండ వేడి అన్నరు. మందులిచ్చిన్రు" అన్నాను.

ఆమె ముఖం విప్పారింది. బిందె కింద పెట్టి రెండు చేతులూ జోడించి, మా గుమ్మం మీది రాములవారి పటానికి దండం పెట్టింది. ఆ తరువాత అడగలేదు. మంగతో చెబుదామనుకున్నదట, సారు చూపించిండు గదా అని ఊరుకుందట. ఈ సంగతి నాకు తరువాత తెలిసింది. ఆ సందులో ఒకే ఒక్క నోరు అడుగుతోంది, దాన్ని నేను మూయించాను.

మే ఇరవై, గురువారం. పొద్దునే జ్యోత్స్న కడుపునొప్పి అంది. రెండుసార్లు వాంతి చేసుకుంది. స్టూలు మీద కూర్చోబోయి ఇసుకలో కూలబడింది. మెట్లెక్కి వచ్చిన మనిషిలా రొప్పుతోంది. నోటి దగ్గర బాగా మాగిన పండు వాసన. మామిడిపండు తిన్నదేమోనని మంగ చూసింది, బుట్టలో పండ్లు లెక్కకు సరిగ్గా ఉన్నాయి. గ్లూకోజ్ నీళ్లు తాగించబోయింది, పిల్ల మింగలేదు. నేను ఆటో కోసం పరుగెత్తాను. వచ్చేసరికి బీరమ్మ తట్ట పారేసి వచ్చి జ్యోత్స్నను భుజాన వేసుకుని సందు చివరిదాకా తెచ్చింది. బిడ్డ కాళ్లకు సిమెంటు అంటింది.

నారాయణగూడలో ఒక ప్రైవేటు దవాఖానలో చేర్చాం. డాక్టరుగారు పెద్దాయన, నెమ్మదస్తుడు. రక్తం తీసి పంపి, మమ్మల్ని కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టారు.

దాహం ఎన్ని రోజుల నుంచి? శ్రీరామనవమి తరువాత వారం నుంచి అని మంగ చెప్పింది. రాత్రి ఎన్నిసార్లు లేచేది? మొదట రెండుసార్లు, ఈ నెలలో అయిదుసార్లు. ఎప్పుడైనా ఆపుకోలేకపోయిందా? మంగ లేదంది. అవునన్నాను నేను. మంగ నా వైపు చూసింది. ఆకలి ఎట్లా ఉండేది? బాగా తినేది. తిన్నా చిక్కిందా? రెండున్నర అంగుళాలు అన్నాను. నీరసం? అయిదింటికే పడుకునేది. చీమలు? తల ఊపాను.

ఒక్క ప్రశ్నకు కూడా మేము తెలియదని చెప్పలేదు. అన్నీ తెలుసు.

ఏమైనా మందులిచ్చారా అని చివరికి అడిగారు. గ్లూకోజ్ అని చెప్పింది మంగ, రోజుకు మూడు గ్లాసులు, ఒక్క పూట కూడా తప్పలేదని. డాక్టరుగారు రాయడం ఆపారు. కలం మూత పెట్టి, మళ్లీ తీశారు. ఏమీ అనలేదు. ఆయన అనకపోవడం మంగకు ఆ క్షణంలో అర్థం కాలేదు. సాయంత్రం రక్తంలో చక్కెర రోగమని తేలాక అర్థమైంది.

మరునాడు, శుక్రవారం పొద్దున పదకొండు దాటాక జ్యోత్స్న పోయింది.

కర్మలన్నీ అయ్యాక ఒక సాయంత్రం బీరమ్మ వచ్చింది. నేను వాకిట్లో బోర్లించిన రంజన్ల పక్కన కూర్చుని ఉన్నాను. మంగ గడపలో ఉంది. బీరమ్మ రంజన్ల దగ్గరికి వచ్చి నిలబడింది. ఆమె అడిగిన తీరులో నింద లేదు. నిజంగానే తెలియక అడిగింది.

"చూపించిన అంటివి గద సారూ?"

నేను తల ఎత్తలేదు. ఎదురుగా మేస్త్రీ ఎవరినో కేకేస్తున్నాడు. కొంతసేపటికి బీరమ్మ వెనక్కి తిరిగింది. గడపలో మంగ గాజుల చప్పుడు ఒకసారి వినిపించింది, తరువాత లోపలికి పోయింది. ఏమని చూపించిన అన్నావు, ఎవరికి చూపించావు అని ఆమె నన్ను ఆ రాత్రి అడగలేదు. మరునాడు అడగలేదు. ఆరేళ్లు అడగలేదు. అన్నం పెట్టేది, మజ్జిగ పోసేది, గుడికి కలిసే పోయేవాళ్లం. మాటలు మాత్రం ఉప్పు, పప్పు, కరెంటు దగ్గరే ఆగిపోయేవి.

జూన్‌లో ఎల్లేశం యూనిఫాం కాగితంలో చుట్టుకుని తానే వచ్చాడు. విషయం తెలిసి కూడా, కుట్టిన బట్ట ఎవరికిస్తాననుకున్నాడో ఏమో. మంగ తీసుకుని విప్పి చూసింది. లోపలి మడత వేలితో తడిమింది. పెట్టెలో అడుగున పెట్టింది.

చలికాలానికల్లా అపార్ట్‌మెంటు పూర్తయింది. కూలీలు వెళ్లిపోయారు. బీరమ్మకు నేనొక జవాబు బాకీ. ముషీరాబాద్‌లో కూలీల అడ్డా దగ్గర రెండు మూడేళ్లు అడిగి చూశాను, పాలమూరు బీరమ్మ, చెయ్యి పట్టకుండా తట్ట మోస్తుంది అని. అట్లాంటి వాళ్లు నూరుమంది ఉన్నారన్నారు. ఆ జవాబు ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

దేవుడికీ బాకీ ఉంది. ఆ ఏడు మిరుగు దాకా పోస్తానన్న నీళ్లు ఇరవయ్యో తేదీనే ఆగిపోయాయి. బిడ్డ కోసం మొక్కిన మొక్కు, బిడ్డే లేకపోయాక ఎవరికి చెల్లించాలి? చలివేంద్రం మళ్లీ పెట్టలేదు. ఎండాకాలంలో ఎవరైనా గుమ్మంలో ఆగి నీళ్లడిగితే మంగే పోసేది. నేను లోపలికి పోయేవాణ్ని.

తొంభై తొమ్మిది మే ఇరవయ్యో తేదీ. సాయంత్రం దీపం పెట్టి వచ్చి మంగ నా ఎదురుగా కూర్చుంది.

"పద్దెనిమిది దినాలు బాకీ ఉన్నం" అంది.

ఆమె కూడా లెక్క పెట్టుకున్నదని నాకు అప్పుడే తెలిసింది.

"దేవునికో, బిడ్డకో నాకు తెల్వది. బాకీ అయితే ఉన్నది. రేపు పెడదాం." లేవబోయి మళ్లీ కూర్చుంది. "కానీ ఈసారి ఊకె పొయ్యొద్దు. అడుగు. తాగెటోళ్లను అడుగు."

నేను ఆమె ముఖంలోకి చూశాను. ఆరేళ్ల తరువాత ఆమె నన్ను అడిగిన మొదటి కోరిక అది. అప్పుడు చెప్పాను, బీరమ్మ చీమల మాట చెప్పడం, నేను అబద్ధమాడడం, అంతా. మంగ విన్నది. బీరమ్మ వెళ్లిపోయేముందు అంతా చెప్పిందనీ, తనకు తెలుసనీ, నా నోట వినాలని కూర్చున్నాననీ చెప్పింది.

మరునాడు మెట్ల కింద నుంచి ఒక గోనెసంచి ఈడ్చుకొచ్చింది. మూతి విప్పితే ఇసుక. బీరమ్మ పోసిన రెండు తట్టల ఇసుక, ఎత్తి కట్టి ఉంచింది. దాని మీదే రంజన్లు పెట్టాం. నేను దుకాణంలో పద్దెనిమిది రోజులు సెలవడిగాను. ఇన్నేళ్లలో ఎన్నడూ అడగలేదు కాబట్టి సేటు కాదనలేదు.

అడగడం తేలిక కాదు. రెండో గ్లాసుకు చెయ్యి చాపినవాళ్లను, ఈ దాహం ఎన్నాళ్ల నుంచి అన్నా, రాత్రి ఊకె లేస్తున్నవా, బట్టలు వదులైనయా అని అడిగితే కొందరు నవ్వారు. కూరగాయలమ్మే బాలనాగమ్మ గంప దించి నడుం మీద చెయ్యి పెట్టింది. "నీళ్లు పొయ్యనీకె గింత పంచాయితా? మా అత్త గూడ గిన్ని అడగలే." ఈదయ్య ముసలివాడయ్యాడు. అడిగితే సగం అవునన్నాడు, సగం కాదన్నాడు. మంగ చెయ్యి పట్టుకుని తీసుకుపోయి పరీక్ష చేయించింది. చక్కెర రోగం ఉందన్నారు. మాత్రలు రాసిచ్చారు. ఈ వయసులో చెరకురసం మానాలట అని నన్ను తిట్టుకుంటూనే రోజూ వచ్చి నీళ్లు తాగిపోయేవాడు.

అప్పటికి మా సందంతా హాస్టళ్లే. ఊళ్ల నుంచి వచ్చి సర్కారు పరీక్షలకు చదివే పిల్లలు. పదిహేనో రోజు మధ్యాహ్నం జగదీశ్వర్ అనే అబ్బాయి పుస్తకాలు చంకలో పెట్టుకుని వచ్చి వరసగా అయిదు గ్లాసులు తాగాడు. ప్యాంటు జారకుండా బెల్టుకు మేకుతో కొత్త బెజ్జం పొడిచి ఉంది. ఎన్నాళ్ల నుంచి అని అడిగాను.

"నీళ్లకు గూడ ఇంటర్వ్యూ ఉంటదా సార్?" అని నవ్వాడు. "రాత పరీక్షే పాస్ కాలే ఇంకా."

మంగ గడప దిగి వచ్చింది. నవ్వలేదు.

"నాకొక బిడ్డ ఉండె నాయనా. జ్యోత్స్న. గీ స్టూలు మీదనే కూసునేది. నీలెక్కనే తాగేది. నీలెక్కనే బట్టలు వదులైనయ్. మాకు అన్ని కనపడ్డయ్, ఒక్కటి గూడ అడగలే. జర పోయి రక్తం చూపించుకో."

మా ఇంట్లో ఆ పేరు ఆరేళ్లకు వినిపించింది. అబ్బాయి గ్లాసు కింద పెట్టాడు. సరేనమ్మా అని వెళ్లిపోయాడు. మరునాడు రాలేదు. ఆ మరునాడూ రాలేదు. మంగ సందు చివరిదాకా రెండుసార్లు పోయి చూసి వచ్చింది. ఏ హాస్టలో మేము అడగలేదు. అది కూడా అడగలేదే అని ఆ రాత్రి నన్ను నేను తిట్టుకున్నాను.

జూన్ ఏడు. పద్దెనిమిదో రోజు. పొద్దు వాలుతుండగా పడమట కొంచెం మబ్బు పట్టింది. రెండు రంజన్లు అయిపోయాయి. మూడోదాన్ని వంచి చూస్తుంటే జగదీశ్వర్ వచ్చాడు. వేలికి దూది అంటించుకుని ఉన్నాడు, చేతిలో కాగితం.

"షుగర్ లేదన్నరమ్మా. ఏం లేదన్నరు. హాస్టల్ల నీళ్లపప్పు తిని బక్కగైనవ్, జర మంచిగ తినుమన్నరు." మా ఇద్దరి ముఖాలూ చూసి నవ్వడం ఆపాడు. "ఉట్టిగనే పరేషాన్ చేసిన మిమ్ములను."

మంగ ఆ కాగితం తీసుకుంది. ఆమెకు ఇంగ్లీషు రాదు. అయినా అటూ ఇటూ తిప్పి, మడతలు పడకుండా మళ్లీ అబ్బాయి చేతికిచ్చింది. లోపలికి పోయి అన్నం కలుపుకొస్తా, కూర్చోమంది. వాడు ముందు నీళ్లు కావాలన్నాడు.

నేను రంజను వంచాను. అడుగున ఒక్క గ్లాసుకు సరిపోయే నీళ్లున్నాయి. వాడు స్టూలు మీద కూర్చుని నిదానంగా తాగాడు. తాగినంతసేపూ మేమిద్దరం చూస్తూ నిలబడ్డాం. గ్లాసు ఇచ్చేశాక మంగ రంజన్లు మూడూ ఇసుక మీద బోర్లించింది. తెల్లవారితే మిరుగు.